సంచుల కాడ కూసున్న పిల్ల

భూపాలపల్లి శివారులో శాంతివనం కాలనీ ఉంది. ఆ కాలనీ నీళ్ళ ట్యాంకు పక్కన పిల్లల ఆటస్థలం తయారైంది. ఊయలలు బిగించారు, రంగులు వేశారు, గేటు పెట్టారు. పేరు ఒక్కటే కుదరలేదు.

ఆ ఆటస్థలం కోసం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది ఎస్తేరు. ఆమె దవాఖానలో నర్సు. తొమ్మిదేళ్ళ కొడుకు రిత్విక్ పుట్టినప్పటి నుంచి నడవలేడు, చక్రాల కుర్చీలోనే ఉంటాడు. ఏ పార్కుకు తీసుకుపోయినా మెట్లే అడ్డం. మిగతా పిల్లలు ఆడుతుంటే వాడు చూసి రావడమే. అందుకని ఆమె కాలనీ సంఘం వెంటపడింది. మాటలు పడింది, ఓర్చుకుంది. చివరికి చక్రాల కుర్చీని కుర్చీతో సహా ఎక్కించి ఊపే ఊయల వచ్చింది. మెట్లకు బదులు వాలుదారి ఉన్న జారుడుబల్ల వచ్చింది. కూర్చున్నచోటి నుంచే చేతులు పెట్టి ఆడుకునే ఎత్తులో ఇసుక తొట్టి కట్టారు. చూపులేని పిల్లలు తడిమి వాయించుకోవడానికి ఒక గోడ నిండా చిన్నా పెద్దా గంటలు వేలాడదీశారు.

జూన్ చివరి ఆదివారం పొద్దున పేరు తేల్చడానికి కాలనీ హాల్లో సమావేశం పెట్టారు. సంఘం అధ్యక్షుడు శ్యాంసుందర్ బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరేం చెప్పినా కాగితం మీద రాసుకుంటున్నాడు. ముందు వరసలో ఒకాయన ‘దివ్యాంగుల పార్కు’ అని పెడదామన్నాడు.

ఎస్తేరు కూర్చున్నచోటి నుంచే, “గట్ల పెడితే తక్కిన పిల్లలను తల్లులు తోలుతరా అన్నా? గది వాళ్ళ పార్కు, మనది కాదు అంటరు. నా కొడుకు మళ్ళ ఒక్కడే అయితడు” అంది.

ఇంకొకాయన, పెద్ద ఊయల ఇచ్చిన కుటుంబం వాళ్ళ తల్లి రాజేశ్వరమ్మ పేరు పెడితే మర్యాదగా ఉంటుందన్నాడు. శ్యాంసుందర్ ఆ పేరు కింద గీత గీశాడు. కాదనడానికి కారణం దొరక్క అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు వెనక వరసలోంచి సోమయ్య సారు లేచాడు. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పిన మనిషి. రిటైరై ఆరేళ్ళయింది. సమావేశాలకు వచ్చినా నోరు తెరిచే అలవాటు లేదు.

“నా దగ్గర ఒక పేరున్నది,” అన్నాడు. “సుక్కి.”

ఎవరా సుక్కి అన్నట్టు అందరూ వెనక్కి తిరిగారు. ఆయన చెప్పాడు.

ఇరవై రెండేళ్ళ కింద ఆయన ఘనపూర్ అవతల ఒక హైస్కూల్లో రెండేళ్ళు పనిచేశాడు. అక్కడికి తండా నుంచి ఒక పిల్ల వచ్చేది. పోలియోతో ఎడమకాలు చచ్చుబడింది. అడుగు తీసి అడుగు వేయాలంటే మోకాలి మీద చేయి ఆనించి ఒత్తుకోవాలి. ఆటల గంట కొట్టగానే పిల్లలంతా సంచులు, చెప్పులు వరండాలో పడేసి మైదానంలోకి ఉరికేవాళ్ళు. ఆ పిల్లను ఆయన సంచుల దగ్గర కూర్చోబెట్టేవాడు. ‘నువ్వు వీటిని చూసుకో బిడ్డా’ అనేవాడు. ఏదో ఒక పని చెప్పాను కదా, చిన్నబుచ్చుకోదులే అనుకునేవాడు. ఆ పిల్ల నూట యాభై జతల చెప్పుల్ని వరసపెట్టి సర్దేది. ఏ జత ఎవరిదో చూడకుండా చెప్పేది. అలా రెండేళ్ళు ఆ అరుగు మీదే కూర్చుంది. ఒక్కరోజు కూడా ఆమె చేతికి బంతి ఇవ్వాలని ఆయనకు తోచలేదు.

“ఆటల సారును నేను,” అన్నాడు సోమయ్య. “నాకే తోచలేదు. తర్వాత కొన్నేళ్ళకు ఒక పెండ్లిల పాత శిష్యుడు కలిసి, సుక్కి చనిపోయింది సార్, పత్తిచేనుల పాము కరిచింది అని చెప్పిండు. గప్పటిసంది ఆ పిల్ల నాకు యాదికొస్తనే ఉంటది. గిటువంటి జాగ గప్పుడు ఉంటె ఆడుకునేది. గందుకే ఆ పేరు.”

ఎస్తేరు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. శ్యాంసుందర్ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఇంక వేరే పేరెందుకు?” అన్నాడు. అందరూ చేతులెత్తారు. ‘సుక్కి ఆటస్థలం’ అని తీర్మానం రాసుకున్నారు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త కూడా పడింది.

సోమయ్య సారు ఒక్క సంగతి మాత్రం ఆ హాల్లో చెప్పలేదు.

ఆ రెండో ఏడు ఆడపిల్లల కబడ్డీ జట్టును ఘనపూర్‌లో మండలం పోటీలకు తీసుకుపోతున్న రోజు, ఆటో దగ్గరికి ఆ పిల్ల మోకాలు ఒత్తుకుంటూ వచ్చింది. ‘సారూ, నేనుగూడ వస్త. పాయింట్లు నేను రాస్త. నాకు అన్నీ ఎర్కే’ అంది. నిజంగానే ఆమెకు ఆట నియమాలన్నీ తెలుసు. అరుగు మీద కూర్చుని రెండేళ్ళు చూసిందాయె. ఆయన ‘ఆటోల జాగ లేదు బిడ్డా, వచ్చే ఏడు పోదువుగాని’ అన్నాడు. ఆటోలో జాగా ఉంది. ఆ జాగాలో ఆయన నీళ్ళ డ్రమ్ము ఎక్కించాడు. దిగేటప్పుడు ఎక్కేటప్పుడు ఆ పిల్లను ఎవరు పట్టుకుంటారు, అదో లంపటం అనుకున్నాడు, అంతే. వచ్చే ఏడు ఆ పిల్ల బడికే రాలేదు.

ఈ మాట ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. భార్య సరోజకు కూడా చెప్పలేదు.

పంద్రాగస్టు నాడు ఆటస్థలం తెరవాలని ముహూర్తం పెట్టుకున్నారు. “ఆ పిల్ల తల్లిదండ్రులుంటే పిలవాలె సార్. వాళ్ళ చేత్తోనే తెరిపిద్దాం,” అంది ఎస్తేరు. సోమయ్యకు ఆ మాట బాగా నచ్చింది. ఆ వారంలోనే ఒక పొద్దున బస్సులో ఘనపూర్ పోయి, అక్కడి నుంచి ఆటోలో తండా చేరుకున్నాడు. నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని, చనిపోయిన సుక్కి వాళ్ళ ఇల్లు ఏదని అడిగాడు. ఆమె చేత్తో చూపించింది.

ఇంటి ముందు రేకుల నీడలో ఒక ముసలాయన నులకమంచం బిగిస్తున్నాడు. సుక్కి తండ్రి హీర్యా అతనే. కొడుకూ కోడలూ పత్తి విత్తనాలు పెట్టడానికి చేనుకు పోయారు.

“నేను సోమయ్య సారును హీర్యా. మీ పిల్లలకు బళ్ళె ఆటలు నేర్పేటోన్ని.”

హీర్యా కళ్ళమీద చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. “ఈల సారువా? మెడల ఈల ఏసుకొని తిరుగుదువు, నువ్వేనా? రా రా, కూసో.”

సోమయ్య మంచం పట్టె మీద కూర్చుని వచ్చిన పని చెప్పాడు. భూపాలపల్లిలో పిల్లల ఆటస్థలం కట్టామని, దానికి సుక్కి పేరు పెడుతున్నామని, పంద్రాగస్టుకు రావాలని. ముసలాయనకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. మూడోసారి తానే మెల్లగా పలికి చూసుకున్నాడు.

“మా సుక్కి పేరా? పట్నంల? బోర్డు మీద?”

“అవును.”

హీర్యా లేచి నిలబడ్డాడు. “కబడ్డీకే గదా సారూ? నాకెర్కే, ఎవలో ఒకలు యాది చేసుకుంటరని. కూతకు పోయిందంటె ఇద్దరిని కొట్టంది మళ్ళకపోయేది. ఆగు, చూపిస్త.” లోపలికి పోయి గోడకున్న ఫొటో తీసుకొచ్చాడు. ఏడుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, మధ్యలో కప్పు పట్టుకున్న పిల్ల. ఆ పక్కనే మెడలో ఈలతో, నల్లటి జుట్టుతో, తాను. కప్పు పట్టుకున్న పిల్ల రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి నవ్వుతోంది.

సోమయ్య ఫొటోను దగ్గరికి తీసుకుని చూశాడు. “కబడ్డీ కాదు హీర్యా... కాలు... మోకాలి మీద చెయ్యి పెట్టుకొని నడిచేది గదా. సంచుల కాడ కూసునేది.”

“గది కమ్లీ!” అని ముసలాయన పెద్దగా నవ్వాడు. “చిన్నది. కమ్లీ బతికే ఉన్నది సారూ. రేగొండల మిషిన్ కుడుతది. పోయింది సుక్కి. ముసలోన్ని నేనా, నువ్వా?”

అప్పటికే నల్లా దగ్గరి ఆడమనిషి వచ్చి నిలబడింది. హీర్యా తమ భాషలో ఆమెకు గబగబా ఏదో చెప్పాడు. అందులో సోమయ్యకు అర్థమైన ముక్క సుక్కి ఒక్కటే. ఆమె కేక వేసి పక్కింటివాళ్ళను పిలిచింది. నలుగురు చేరారు. ఒకామె చాయ్ తెచ్చింది. అందరూ ఫొటో చూస్తున్నారు, సుక్కి గురించి మాట్లాడుతున్నారు, ఎవరో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇప్పుడు చెప్పాలి, పొరపాటు జరిగిందని ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే సోమయ్య చాయ్ మొత్తం తాగాడు. “పంద్రాగస్టే గదా సారూ? తండంత కదిలి వస్తం,” అన్నాడు హీర్యా. సోమయ్య తల ఊపాడు.

అక్కడి నుంచి ఇంటికి పోలేకపోయాడు. రేగొండ పోయాడు. మెయిన్‌రోడ్డు మీద ఒక చిన్న షట్టరు గది ముందు, వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటీ ఆగి ఉంది. పైన ‘కమ్లీ లేడీస్ టైలర్’ అని బోర్డు, కింద ఫోన్ నంబరు. లోపల ముప్పై అయిదేళ్ళ మనిషి మోటారు మిషిన్ మీద జాకెట్టు కుడుతోంది. కాలితో తొక్కే పెడలును కుడికాలికి అందేలా పక్కకు జరిపి పెట్టుకుంది. ఆ ఒక్క కాలితో దాన్ని నొక్కుతూ, రెండు చేతులతో గుడ్డ తిప్పుతోంది.

తల ఎత్తి చూసి వెంటనే గుర్తుపట్టింది. “సారూ! మీరా? కూసోండ్రి.” స్టూలు మీది గుడ్డలు తీసి పక్కన పెట్టింది.

సోమయ్య దాచుకోకుండా అంతా చెప్పాడు. హాల్లో చెప్పిన కథ, పెట్టిన పేరు, పొద్దున తండాలో జరిగింది. ఆమె జాకెట్టుకు హుక్కులు కుడుతూ విన్నది. అయిపోయాక దారం కొరికి, “సారూ, నా పేరు మీకు ఎన్నడన్న ఎర్కనా?” అని అడిగింది.

“ఎర్క లేదు బిడ్డా.”

“మీ ఒక్కలకే కాదు తియ్యుండ్రి. మీరు ‘సంచుల పిల్లా’ అని పిలిచేది. మీరు పిలుస్తరని బడి అంత గట్లనే పిలిచేది.”

“మరి సుక్కి అని నా మనసుల ఎట్ల పడ్డది?”

“నేనే గదా సారూ అరిచేది. అక్క కూతకు పోయినప్పుడల్ల అరుగు మీదికెళ్ళి సుక్కీ, సుక్కీ అని ఒర్రుదును. గది విని ఉంటరు. నా దిక్కుకెళ్ళి వినబడ్డది, నా పేరే అనుకున్నరు. అక్కను మీరు కెప్టెన్ అనే పిలిచేది గదా.” ఆమె మొహంలో నవ్వు లాంటిది కదిలి ఆగిపోయింది. “అక్కనే నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకొని వచ్చేది. నాలుగు కిలోమీటర్లు. మంచి రోడ్డు గూడ లేకుండె. పదో తరగతి అయినంక దానికి పెండ్లి చేసిండ్రు. ఇగ నన్ను తెచ్చేటోళ్ళు లేరు. గందుకే ఎనిమిదితోని బంద్ అయింది.”

సోమయ్య తల వంచుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పుకోనిది అప్పుడు బయటికొచ్చింది. “ఘనపూర్ పోయిన రోజు ఆటోల జాగ ఉండె, కమ్లీ.”

“ఎర్కే సారూ. నీళ్ళ డ్రమ్ము పెట్టిండ్రు గదా. పొద్దుమూకి ఇంటికొచ్చి అక్క చెప్పింది. నీ జాగల డ్రమ్ము కూసున్నదే అని నవ్వింది. నేనుగూడ నవ్విన.” సూదిని గుడ్డకు గుచ్చి పెట్టింది. “అక్క ముంగట నవ్విన.”

“తప్పు చేసిన బిడ్డా. మాఫ్ చెయ్యి. ఆ బోర్డు మీద నీ పేరే రాయిస్త. సంఘంల నేను మాట్లాడుత.”

“వద్దు సారూ,” అంది కమ్లీ. కోపంగా అనలేదు, కొలతలు సరిచూసుకునే మనిషిలా అంది. “ఆటలాడే జాగకు ఆడినోళ్ళ పేరుండాలె. నేను ఎన్నడు ఆడిన్నని? అక్క ఆడింది. అక్క పేరే ఉండనియ్యుండ్రి. బాపు ఇందాకనే ఫోన్ చేసిండు. అక్క పోయినంక బాపు గంత సంతోషంగ మాట్లాడంగ నేను వినలేదు. గది చెడగొట్టకుండ్రి.”

సోమయ్య సరేనన్నాడు. నోటితో స్పష్టంగా, “సరే బిడ్డా, ఉండనిస్త,” అన్నాడు.

అన్నవాడు అన్నట్టు ఉండి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఇంటికి వచ్చాక ఆయనకు నిలకడ లేకుండా పోయింది. హాల్లో అంతమంది తన మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ మాట నిజం కాదు. దారిలో ఎస్తేరు ఎదురై, “సుక్కి కథ మా రిత్విక్‌కు చెప్పిన సార్, పడుకునేముందు మళ్ళ మళ్ళ చెప్పించుకుంటుండు” అంటే ఒళ్ళంతా కారం పూసినట్టయింది. చివరికి సరోజకు సంగతంతా చెప్పాడు. ఆటో, డ్రమ్ము, అన్నీ.

సరోజ బియ్యం ఏరుతూ విన్నది. “ఆ పోరి ఉంచమన్నది గదా. ఉంచు. ఎవలకు నష్టం?”

“అబద్ధం మీద పేరు పెట్టుకుంటమా?”

“అబద్ధం ఏడున్నది? సుక్కి అనే పిల్ల ఉండె, ఆడింది, పోయింది. గదంత అబద్ధమా?”

ఆయన వినలేదు. ముప్పై మూడేళ్ళ పాటు ఔటైన పిల్లను ఔటని, లేని పాయింటును లేదని చెప్పినవాడిని, ఇప్పుడు దొంగ పాయింటు మింగి కూర్చోనా అనుకున్నాడు. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి, అక్కాచెల్లెళ్ళ సంగతి, సైకిలు సంగతి చెప్పి, తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు.

శ్యాంసుందర్ కాగితం ముందుకు జరుపుకున్నాడు. “అంటే సార్, ఆ సుక్కి మామూలుగా నడిచే అమ్మాయే అన్నమాట.”

“అవును.”

“కాలు బాగలేని అమ్మాయి ఇంకా ఉన్నారు, ఆమె తన పేరు వద్దంటున్నారు.”

“అవును.”

“మరి మనం ఈ పేరు పెట్టడానికి కారణం ఏమున్నట్టు?”

ఎస్తేరు లేచింది. “అన్నా, నడవలేని చెల్లెను సైకిల్ మీద నాలుగు కిలోమీటర్లు రోజు మోసుకొచ్చింది ఆ పిల్ల. గదానికన్న పెద్ద కారణం ఏం కావాలె? నా కొడుకుకు గసువంటి అక్క ఒకతి ఉంటె నేను గీ పార్కు కోసం తిరగకపోదును.” అని సోమయ్య వైపు చూసింది. మీరూ ఒక మాట అనండి అన్నట్టుగా చూసింది.

సోమయ్య అనాలనుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తప్పు చేసి నిలబడ్డవాడిని, ఇంక నేనే మొహంతో పట్టుబడతాను అనిపించింది. వెళ్ళి కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ కాసేపట్లోనే ఎవరో రాజేశ్వరమ్మ గారి పేరు మళ్ళీ ఎత్తారు. చేతులు లేచాయి. ఎస్తేరు చేయి లేవలేదు. సోమయ్య కూడా చేయి ఎత్తలేదు గానీ, దాన్ని ఎవరూ గమనించలేదు.

ఇంటికొచ్చి చెబితే సరోజ, “నీ మనసు తేలిక చేసుకోనీకి చెప్పుకున్నవు. గా ముసలాయన మనసు సంగతేంది?” అంది.

“పోయి చెప్పొస్త. రేపో ఎల్లుండో పోత.”

రేపు వాన పట్టుకుంది. ఎల్లుండి మోకాలు నొప్పన్నాడు. ఆ వారం కలుపు పనులు, ఇంటికాడ దొరకడులే అనుకున్నాడు. కమ్లీ నంబరు ఆ రోజే కాగితం మీద రాసుకున్నాడు, తన నంబరు ఆమెకు ఇచ్చాడు. రెండుసార్లు నొక్కి, అటు మోగకముందే కట్ చేశాడు. ఆ తర్వాత తనకు తానే సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టాడు. ముసలాయనకు అంత గుర్తుంటదా, అంతదూరం ఎక్కడ వస్తాడు, మారిన పేరు పేపర్లో చూసి ఎవరో చెప్పే ఉంటారు. సరోజ రెండుసార్లు గుర్తు చేసి మూడోసారి మానేసింది. జులై అలా గడిచిపోయింది.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగరేశారు. రిబ్బను కత్తిరించారు. అరవై డెబ్బై మంది పిల్లలు ఒక్కసారి లోపలికి ఉరికారు. రిత్విక్ కుర్చీని ఊయల మీదికి ఎక్కించి ఎస్తేరు ఊపుతుంటే, వాడు అరిచిన అరుపుకు కొత్తవాళ్ళు కూడా నవ్వారు. కాపలాకు పెట్టిన ఓదెమ్మ గేటు దగ్గర నిలబడి పిల్లల చెప్పులు తొక్కకుండా చూస్తోంది. సోమయ్య ఇసుక తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు.

అప్పుడు గేటు ముందు ఆటో ఆగింది. ముందు హీర్యా దిగాడు. తెల్లటి కొత్త రుమాలు తలకు చుట్టుకున్నాడు, మడతలు విడవని చొక్కా తొడుక్కున్నాడు. వెనక తండా ఆడవాళ్ళు నలుగురు, చదువుకుంటున్నట్టున్న మనవరాలు ఒకతె. హీర్యా చంకలో తువ్వాలలో చుట్టిన పలక లాంటిది ఏదో ఉంది. అది ఏమిటో సోమయ్యకు చూడగానే తెలిసింది.

“సారూ! ఆలస్యమైందా? ఆటో దొరకలే,” అంటూ హీర్యా దగ్గరికి వచ్చి ఆయన చేయి పట్టుకున్నాడు. గేటు మీది పెద్ద బోర్డు వైపు చూశాడు. “అన్ని అక్షరాలున్నయి. మా సుక్కివి ఏవి? జర చూపియ్యి. కింద ఫొటో పెడదామని తెచ్చిన.”

మనవరాలు అప్పటికే చదివేసింది. “తాతా, రాజేశ్వరమ్మ అని ఉన్నది,” అంది మెల్లగా.

“నువ్వాగు. సారును అడుగుతున్న.”

సోమయ్య ఆ ముసలి చేతిని విడిపించుకోలేక, పట్టుకోలేక, “సుక్కి పేరు లేదు హీర్యా. మార్చిండ్రు. నీకు చెప్పాలె. చెప్పలేదు,” అన్నాడు.

“ఎన్నడు మార్చిండ్రు?”

“నెల పైన అయింది.”

హీర్యా కొంతసేపు బోర్డునే చూశాడు. “నెల పైన,” అన్నాడు. “నెల పైనల ఒక్కపారి రాకపోతివా సారూ? నువ్వు చెప్తె నేను రాకపోదును. వీళ్ళందరిని తీసుకొని రాకపోదును.”

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఎస్తేరు పరుగున వచ్చి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. విషయం అర్థమై ఆమె మొహం నల్లబడింది. “బాపూ, ఫొటో ఇయ్యి, గీ బల్ల మీద పెడదాం. పూలదండ వేస్త,” అంది.

“వద్దు బిడ్డా. ఇంటి గోడది. ఇంటికే పోతది.” తువ్వాలను ఇంకోసారి గట్టిగా చుట్టుకున్నాడు. ఎవరో చేతిలో పెట్టిన లడ్డూను మనవరాలికి ఇచ్చాడు. ఊయలలో ఊగుతున్న పిల్లల్ని కాసేపు చూశాడు. తర్వాత ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయాడు.

పొద్దుగూకక ముందే కమ్లీ ఫోన్ చేసింది. “బాపుకు చెప్పకపోతిరి. నాకన్న చెప్పకపోతిరి. నా నంబరు బోర్డు మీదనే ఉండె గదా సారూ.”

“చెయ్యబోయిన బిడ్డా. రెండుసార్లు...”

“నన్ను ఆటో ఎక్కించకపోతే నాకొక్కదానికే బాధ సారూ, పడ్డ, అయిపోయింది. బాపు డెబ్బై ఏళ్ళ మనిషి. బట్టలు గూడ నేనే కుట్టించిన.” అవతల మాట ఆగింది. ఎవరో జాకెట్టు అయిందా అని అడుగుతున్నారు. “ఉంట సారూ,” అని పెట్టేసింది.

ఆ ఆటస్థలాన్ని ఎవరూ బోర్డు మీది పేరుతో పిలవలేదు. గోడకున్న గంటలు రోజంతా మోగుతుంటాయి కనుక పిల్లలు ‘గంటల పార్కు’ అన్నారు. ఆటోవాళ్ళు కూడా అదే అన్నారు. నెల తిరిగేసరికి శ్యాంసుందర్ నోటి నుంచి కూడా అదే పేరు వచ్చేది. ఏ పేరు పెట్టినా చివరికి ఇంతే కదా అని ఒకరోజు ఆయన తేలిగ్గా నవ్వాడు. సోమయ్యకు నవ్వు రాలేదు. ఎస్తేరు ఆయనతో మాట్లాడటం మానలేదు గానీ, ఇంతకుముందులా ఆగి మాట్లాడేది కాదు. పిల్లలకు ఆటలు నేర్పడానికి సాయంత్రాలు రమ్మని ఒకప్పుడు అడిగిన మనిషి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

దసరా వెళ్ళాక, పత్తి తీతలు మొదలైన రోజుల్లో, సోమయ్య తండాకు పోయాడు. సరోజ వెళ్ళమనలేదు, వద్దనలేదు. తిడితే పడదామని పోయాడు. దారిలో చెప్పాల్సిన మాటలన్నీ వరసపెట్టుకున్నాడు.

హీర్యా ఇంటి ముందే ఉన్నాడు. లేచి మంచం వాల్చాడు. కోడలిని పిలిచి చాయ్ పెట్టమన్నాడు. ఈసారి వానలు పత్తిని ముంచాయన్నాడు, కాయ నల్లబడిందన్నాడు. భూపాలపల్లిలో బస్‌స్టాండు దగ్గర రోడ్డు వేస్తున్నారట కదా అని అడిగాడు. సోమయ్య మోకాలు పట్టుకుని కూర్చోవడం చూసి, నొప్పికి ఏ నూనె రాయాలో చెప్పాడు. రెండుసార్లు సోమయ్య, “హీర్యా, ఆ రోజు...” అని మొదలుపెట్టాడు. రెండుసార్లూ ముసలాయన వినబడనట్టే వాన గురించి మాట్లాడాడు. సారూ సారూ అని మర్యాదకు ఎక్కడా తక్కువ చేయలేదు. ఈల సారూ అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

చాయ్ గ్లాసు కింద పెట్టి సోమయ్య లేచాడు. “పోయొస్త హీర్యా.”

“మంచిది సారూ,” అన్నాడు ముసలాయన, మంచం మీదనే కూర్చుని. కోడలు గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. సోమయ్య ఎండలో రోడ్డు వైపు నడిచాడు. ఘనపూర్ ఆటో చాలాసేపటి దాకా రాలేదు.